ఓడ దిగాక బోడి మల్లయ్య: గోదావరి పడవ ఎవరి లెక్కలో ఉంది?

నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం రేవులో పంటు కదిలే ముందు జరిగే తతంగం చూడాలి. ముందుగా కారో ఆటోనో బల్లల మీదికి ఎక్కుతుంది. వెనక్కి దొర్లకుండా చక్రం కింద ఒక చెక్క ముక్క తోస్తారు. దాని చుట్టూ మిగిలిన సందుల్లోకి మోటారు సైకిళ్లు దూరతాయి. వాటి మధ్య కొబ్బరికాయల బస్తాలు, చేపల తట్టలు, పెళ్లికి వెళ్తున్న కుటుంబం, పుస్తకాల సంచీలు తగిలించుకున్న కాలేజీ పిల్లలు. ఇక కదులుతుందనగా గట్టు మీంచి ఎవరో చెయ్యూపుకుంటూ పరుగెత్తుకొస్తారు. ఆ ఒక్కరి కోసం పంటు అర నిమిషం ఆగుతుంది. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి డబ్బులు వసూలు చేసే మనిషి వేళ్లు చూపించే లెక్క అడుగుతాడు. వశిష్ఠ పాయ దాటితే అవతల సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి అంతర్వేది, మలికిపురం, రాజోలు.

గోదావరి జిల్లాల బయటివాళ్లకు పంటు అంటే ఏమిటో చెప్పాలి. రెండు పడవల్ని జోడించి, పైన బల్లలు పరిచి, చుట్టూ కమ్మీలు బిగిస్తే పంటు. ఇంచుమించు ఇలాంటిదే కృష్ణ మీద ఉంటే బల్లకట్టు అంటారు. గౌతమి పాయ మీద కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో కూడా పంటే నడుస్తుంది. వేసవిలో అక్కడ నది చిక్కిపోయి, సగం దూరం ఇసుకలో నడిచి మిగతా సగం పంటు మీద దాటడం మామూలే.

టీవీలో గోదావరి పడవ కనిపించే సందర్భాలు రెండే. ఒకటి పాపికొండల టూరు, రెండోది ప్రమాదం. ఈ రెండింటితో సంబంధం లేకుండా, పడవనే బస్సుగా వాడుకునే ఊళ్లు భద్రాచలం దిగువ నుంచి సముద్రం దాకా ఉన్నాయి. అయినా ప్రభుత్వం పద్దుల్లో పడవ ఎక్కడా రవాణా సాధనంగా నిలబడదు. నీటిపారుదల శాఖకు అది కాలువ గట్టును కోసే బెడద. పర్యాటక శాఖకు టికెట్ల ఆదాయం. రోడ్లు భవనాల శాఖకు వంతెన వచ్చేదాకా సర్దుకునే ఏర్పాటు. స్థానిక సంస్థలకు ఏటా వచ్చే వేలం డబ్బు. పడవల మీద బతికేవాళ్లు, పడవెక్కి బతికేవాళ్లు చెప్పుకునే కష్టాలు వేరువేరుగా కనిపించినా, తీగ లాగితే అన్నీ ఇక్కడికే వస్తాయి.

రేవు పాట

రేవు నడిపే హక్కును వేలం వేస్తారు. జనం దాన్ని రేవు పాట అంటారు, పాడుకున్నవాడు పాటదారు. ఈ పద్ధతికి మూలం 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రభుత్వ రేవుల చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీ పోయి ఏడు దశాబ్దాలు దాటినా రేవు ఇంకా ఆ నీడలోనే నడుస్తోంది.

వేలంలో తప్పేముంది అనిపించవచ్చు. పాటదారు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. హక్కు ఉండేది కొద్దికాలం. అందులో వరద నెలల్లో రేవు ఎన్ని రోజులు మూతపడుతుందో ఎవరూ చెప్పలేరు. పాట సొమ్ము మాత్రం కట్టి తీరాలి. అలాంటప్పుడు కొత్త పంటు చేయించడం, లైఫ్ జాకెట్లు కొనడం, గట్టున నీడకి షెడ్డు వేయించడం ఎవరు చేస్తారు? వచ్చే ఏడాది పాట ఇంకొకరు పాడుకుంటే ఆ ఖర్చు గోదాట్లో పోసినట్టే. మిగిలిన దారి ఒక్కటే: తిరిగినన్ని ట్రిప్పులు తిరగడం, ట్రిప్పుకి పట్టినంతమందిని ఎక్కించడం. పాటదారుది అత్యాశ అని ప్రయాణికులు అంటారు. అత్యాశ ఉండొచ్చు కానీ, అత్యాశ లేనివాడు పాడుకున్నా ఈ లెక్కలో పెద్దగా తేడా రాదు.

సరంగు గొడవ ఇంకోటి. లాంచీనో పంటునో నడిపే మనిషిని సరంగు అంటారు, సాయం ఉండేవాళ్లు కళాసీలు. నరసాపురం దగ్గర నదికి సముద్రపు పోటు–పాటు తగులుతుంది. పొద్దున్న నిండుగా కనిపించిన రేవు మధ్యాహ్నానికి దిగిపోతుంది, బల్లకీ గట్టుకీ మధ్య ఎత్తు మారిపోతుంది. పైగా ప్రతి వరదకీ ఇసుక మేటలు చోటు మారతాయి. నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండదు. నీటి రంగు, అల తీరు చూసి మేట ఎక్కడుందో పసిగట్టడం సరంగుకు తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో వచ్చిన విద్య. ఆ విద్య ఎంత ఉన్నా జీతం విషయంలో అతను పాటదారు దగ్గర కూలీయే. పాటదారు మారితే పని ఉంటుందో లేదో తెలియదు. ఈ వృత్తిలో ఎక్కువమంది అగ్నికుల క్షత్రియ, పల్లె, వాడబలిజ వంటి మత్స్యకార కులాలవాళ్లు. పిల్లల్ని ఇందులోకి దించాలని కోరుకునేవాళ్లు తక్కువ.

మాఘమాసంలో అంతర్వేది తీర్థం వచ్చిందంటే మాత్రం ఈ రేవు దశ తిరుగుతుంది. లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి పశ్చిమ గోదావరి వైపు జనం వశిష్ఠ దాటే అడ్డదారి ఇదే. ఆ నాలుగు రోజులు పోలీసులు, రెవెన్యూ వాళ్లు, గజ ఈతగాళ్లు అందరూ రేవులోనే ఉంటారు. జాకెట్లు కనిపిస్తాయి, లెక్కపెట్టి ఎక్కిస్తారు. తీర్థం అయిపోయిన మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

వంతెన గురించి ఇక్కడ రెండు అభిప్రాయాలు ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు: జనానికి కావాలి, పడవవాళ్లకు వద్దు అని. అంత సూటిగా ఏమీ లేదు. రాత్రి పూట ఒంట్లో బాగోలేకపోతే పడవవాడి ఇంటివాళ్లు కూడా ఆ రేవు దాటే ఆసుపత్రికి వెళ్లాలి. చివరి పంటు వెళ్లిపోయాక వాళ్లకూ చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవడమే గతి. వంతెన వద్దనే పడవవాడు అరుదు. వంతెన వచ్చిన రోజున తన గతేమిటన్నదే అతని ప్రశ్న. యానాం–ఎదుర్లంక మధ్య బాలయోగి పేరు మీద వంతెన వచ్చాక అక్కడి రేవు సందడి ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తే కొట్టు పోయినవాడికి పరిహారం అడిగే వీలుంది. రేవు పోయినవాడికి అడగడానికి ఒక కాగితం కూడా ఉండదు, ఎందుకంటే రేవు ఎప్పుడూ అతనిది కాదు, పాటదారుది.

కాటన్ కలగన్న దారి

పడవను ఈ నేల మీద ఒకప్పుడు ఇలా చూడలేదు. ధవళేశ్వరం ఆనకట్టను 1847–1852 మధ్య కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఆయన్ని తలుచుకునేది మాత్రం వరి చేల గురించే. ఆయన లెక్కలో కాలువకు రెండు పనులు: పొలానికి నీళ్లు, సరుకుకి దారి. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెడితే దేశానికి ఎక్కువ మేలని జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట చెప్పాడు. ఆ వాదనలో ఓడిపోయాడు.

ఓడిపోక ముందు కట్టినవి ఇంకా కళ్లముందే ఉన్నాయి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర లాకులున్నాయి. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య రాతి గోడల గది. పై నుంచి వచ్చిన పడవ ఆ గదిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. గదిలో నీటిని మెల్లగా కిందికి వదులుతారు. పడవ నీటితోపాటే దిగి, కింది కాలువ మట్టానికి వచ్చాక ముందు తలుపులు తెరుస్తారు. ఇంజను లేదు, కరెంటు లేదు. ఈ ఏర్పాటుతో కాకినాడలో బయల్దేరిన పడవ ధవళేశ్వరం దగ్గర నదిలోకి దిగి, ఆనకట్ట ఎగువన అడ్డంగా దాటి, విజ్జేశ్వరం లాకులో దూరి, ఏలూరు కాలువ పట్టుకుని బెజవాడ చేరేది. అక్కడ కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పడితే పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ, ఆపైన నేరుగా మద్రాసు.

గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్లు. లేకపోతే ఇద్దరు ముగ్గురు గట్టు మీద నడుస్తూ, భుజానికి తాడు వేసుకుని పడవను లాగేవాళ్లు. బియ్యం, ఉప్పు, కట్టెలు, సున్నం అన్నీ అలాగే వెళ్లాయి. జనం రాత్రి ఎక్కి పడవలోనే పడుకునేవారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపారు. పుస్తకం పాఠకుడి రేవుకే వచ్చేది. కాలువ గట్టు ఊళ్లకు పడవ ఎంత దగ్గరి వస్తువో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇదంతా ఎందుకు పోయిందంటే రైలు వచ్చి అని ఒక్క ముక్కలో చెప్తారు. రైలు, లారీ దెబ్బ కొట్టిన మాట నిజమే. కాలువ లోపల జరిగింది కూడా తక్కువేం కాదు. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఆ వారాల్లో పడవ నేల మీద కూర్చోవాలి. ఏడాదిలో కొన్ని వారాలు మూసేసే రోడ్డు మీద ఎవరు లారీ కొంటారు? పాత వంతెనల కింద నుంచి పడవ దూరేంత ఎత్తుండేది. తర్వాత కట్టిన వంతెనలు చాలాచోట్ల నీళ్లకు బెత్తెడు పైన నిలిచాయి. పైగా గుర్రపుడెక్క. ఇప్పుడు కోనసీమ కాలువల్లో దిగితే పడవ కంటే ముందు తీగలూ ఆకులే కదులుతాయి. దిండి దగ్గర హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి కానీ అది నది పాయలో, రిసార్టుకు వచ్చినవాళ్ల కోసం.

ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేం. నీటిపారుదల శాఖలో తూము తలుపులు ఎత్తి దించే, గట్లు కాచే ఉద్యోగిని నేటికీ లస్కరు అనే అంటారు. లస్కరు అంటే ఓడ పనివాడు. పడవలు పోయాయి, జీతాల పట్టీలో ఓడ పనివాడు మిగిలాడు.

పాపికొండల మధ్య

ధవళేశ్వరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి పాపికొండల్లో రెండు కొండల మధ్య సందులా మారిపోతుంది. వెడల్పు తగ్గినచోట నది లోతుకు దిగుతుంది. పైకి అద్దంలా ఉన్న నీటి కింద సుడులుంటాయి. ఈ ఒడ్డున, ఆ ఒడ్డున కొండరెడ్డి, కోయ గూడేలు. వాళ్లకు చాలాకాలం సర్వీసు లాంచీయే ప్రధాన దారి. సంతకు వెళ్లాలన్నా, రేషన్ తెచ్చుకోవాలన్నా, కాన్పుకి పోవాలన్నా అదే. కొండ వెదురు కూడా తెప్పలుగా కట్టి నీళ్ల మీదే రాజమండ్రి కాగితం మిల్లుకు దించేవాళ్లు.

ఈ నీళ్లలో జరిగిన రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానలో ఒక సర్వీసు లాంచీ మునిగింది. కొండమొదలు వైపు గిరిజనులు అందులో ఉన్నారు. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేయడంతో లోపలున్నవాళ్లు బయటపడలేకపోయారు. 20 మంది దాకా పోయారు. ఏడాది గడిచాక, 2019 సెప్టెంబరు 15న, గండిపోశమ్మ గుడి దగ్గర బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు మందం అనే సుడి ప్రాంతంలో తలకిందులైంది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు.

ఆ 26 మందిని కాపాడింది ఎవరన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం. కచ్చులూరు, తూటుగుంట గ్రామస్తులు ఒడ్డున ఉన్న సొంత పడవల్ని వేసుకుని ఆ ప్రవాహంలోకి వెళ్లారు. సహాయక బృందాలు రాకముందే దొరికినవాళ్లను గట్టుకు చేర్చారు. బోటు కథ అక్కడితో అయిపోలేదు. వరద, లోతు, బురద వల్ల దాన్ని తీయడం ఎవరివల్లా కాక చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అప్పగించారు. లంగర్లు, ఇనుప తాళ్లు, ఒక పంటు, ఒడ్డున పొక్లెయిన్, నీళ్లలోకి దిగే ఈతగాళ్లు, ఇంతే సరంజామా. నదిలో తాడు వలలా వేసి, బోటు ఉందనుకున్న చోటు చుట్టి లాగారు. తాడు తెగింది, మళ్లీ వేశారు. రెయిలింగ్ ఒక్కటే ఊడి వచ్చింది, మళ్లీ వేశారు. అక్టోబరు 22న బోటు పైకి వచ్చింది. చేపల వలలు, పడవ తాళ్లు పట్టిన చేతుల తెలివి ఏమిటో రాష్ట్రం మొత్తం ఆ వారాల్లో టీవీలో చూసింది. ఆ తెలివిని రేవు నిర్వహణలోకో, సరంగుల శిక్షణలోకో తీసుకోవాలన్న ఆలోచన మాత్రం అంత గట్టిగా వినపడలేదు.

కచ్చులూరు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 9 కంట్రోల్ రూములు పెట్టింది. నీటిమట్టం, వాతావరణం, బోటు ఫిట్‌నెస్, ఎక్కినవాళ్ల సంఖ్య చూసి అనుమతి ఇవ్వడం వాటి పని. మంచి పనే. ఆ తొమ్మిది ఎక్కడెక్కడో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: గండిపోశమ్మ, పేరంటపల్లి, పోచవరం, సింగనపల్లి, రాజమండ్రి, రుషికొండ, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ బెర్మ్ పార్క్. ఇంచుమించు అన్నీ టూరిస్టులు ఎక్కే చోట్లే. సఖినేటిపల్లి లేదు, కోటిపల్లి లేదు, లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్లలో, రోజూ పిల్లలు బడికి దాటే రేవు ఒక్కటీ లేదు. టూరుకు వచ్చిన మనిషి ప్రాణానికి ఒక వ్యవస్థ ఏర్పడింది. ఆ ఊరి మనిషి ప్రాణం సరంగు చేతి మీద, దేవుడి మీద ఉంది.

బోటు యజమానుల ఫిర్యాదులు వేరు. ఎవరి అనుమతి చెల్లుతుందన్నది ఏళ్ల తరబడి తేలలేదు. నీటిపారుదల శాఖ, పోర్టుల శాఖ, పర్యాటక శాఖ, పోలీసు, రెవెన్యూ, ఒక్కో కాగితం ఒక్కో చోట. ప్రమాదం జరిగితే ప్రతి శాఖా ఆ కాగితం మాది కాదంటుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా మొదటి చర్చ దీని మీదే నడిచింది. యజమానులు చెప్పేదంతా నమ్మక్కర్లేదు. జాకెట్లు ఇచ్చినట్టే ఇచ్చి, ఫొటోలకు అడ్డమని తీసేసుకోనిచ్చింది కూడా బోట్లవాళ్లే. అయితే ఒక మాటలో న్యాయముంది: ప్రమాదం జరగ్గానే నదిలో అన్నీ ఆపేయడం. టూరు బోటు ఆగితే యజమానికి నష్టం, సర్వీసు లాంచీ ఆగితే గూడెంలో ఉప్పు, మందులు అందవు. ఈ రెండింటినీ ఒకే ఉత్తర్వుతో కట్టేయడం వల్ల నది మీద ఆధారపడ్డవాళ్లకు రెండో దెబ్బ తగులుతుంది.

చట్టం వైపు నుంచి కొంత మార్పు వచ్చింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషను, సర్వే, సిబ్బంది అర్హతలు దేశమంతటా ఒకే తీరుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. ఇంజను లేని పడవలకూ అందులో విడిగా ఒక భాగం ఉంది. ఆ పడవల నమోదు బాధ్యతను స్థానిక సంస్థల స్థాయికి దించే వీలు కల్పించారు. అంటే బంతి మళ్లీ రేవు వేలం వేసే చోటికే వచ్చింది. డబ్బు తీసుకునే సంస్థే భద్రత చూడాలి. ఆ పని చేయడానికి వాళ్ల దగ్గర పడవ గురించి తెలిసిన మనిషి ఉన్నాడా అన్నది ఎవరూ అడగడం లేదు.

లంకలు, ఇసుక

కోనసీమ లంకల్లో పడవ కాలాన్ని బట్టి వచ్చి పోతుంది. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపాలెం, బూరుగులంక వాళ్లు వేసవిలో పాయకు అడ్డంగా మట్టి బాట వేసుకుని దాటేవారు. జులైలో ఎర్రనీరు (కొత్త వరద నీరు) రాగానే బాట కొట్టుకుపోవడం, మర్నాటి నుంచి పడవలు దిగడం ఏటా జరిగే పని. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంకవాళ్లకు ఆ అంకెలు పంచాంగంలా నోటికొచ్చు. ఏ అంకె దగ్గర పశువుల్ని గట్టెక్కించాలో, ఏ అంకె దగ్గర బియ్యం అటక మీద పెట్టాలో ఇంట్లో ఆడవాళ్లు చెప్పేస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో పడవే రోడ్డు, పడవే అంబులెన్సు, పడవే రేషన్ దుకాణం అయింది. అప్పుడు అధికారులు మత్స్యకారుల పడవల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య అనే సామెత ఈ ప్రాంతంవాళ్లు ఊరికే వాడరు.

2018 జులై 14న పశువుల్లంక దగ్గర జరిగింది మర్చిపోలేనిది. స్కూలు పిల్లలున్న పడవ వరద ఉరవడికి కొట్టుకుపోయి, కట్టడం మధ్యలో ఆగిన వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. పడవతో పని లేకుండా చేయాల్సిన వంతెన అది.

రాజమండ్రి, కొవ్వూరు దగ్గర నదిలో చూస్తే ఎక్కువగా కనిపించేది ఇసుక పడవలు. మనిషి బకెట్టుతో నీళ్లలో మునిగి, అడుగున ఇసుక నింపి పైకి తేలి, పడవలో పోసి మళ్లీ మునుగుతాడు. పడవ నిండేసరికి అంచు నీటికి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది. ఇసుక విధానం మారిన ప్రతిసారీ వీళ్ల పని ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. యంత్రాలతో తోడేవాళ్ల మీద బోట్స్‌మెన్ సొసైటీలకు ఉన్న కోపం సబబే అనిపిస్తుంది. నది అడుగు పాడైందని అందరినీ కలిపి తిడతారు గానీ, బకెట్టుకీ డ్రెడ్జరుకీ చాలా తేడా ఉంది.

జాతీయ జలమార్గం

2008లో కేంద్రం నాలుగో నంబరు జాతీయ జలమార్గాన్ని ప్రకటించింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరిలో భద్రాచలం–రాజమండ్రి మధ్య 171 కిలోమీటర్లు, కృష్ణలో వజీరాబాదు–విజయవాడ మధ్య 157 కిలోమీటర్లు, మొత్తం 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంతో అది ఇంకా పొడుగైంది. 2017 అక్టోబరులో ముక్త్యాల–విజయవాడ ముక్కకు శంకుస్థాపన జరిగింది. మ్యాపు మీద ఇది కాటన్ కలకు దాదాపు నకలు. పడవవాళ్లు దీని గురించి ఉత్సాహంగా ఏమీ లేరు, అందుకు కారణం ఉంది. అందులో ఊహించిన పడవ వందల టన్నుల బార్జి. సిమెంటు, బొగ్గు, ఎరువులు మోసేది. ఇద్దరు మనుషులు, ఒక గేదె, మూడు సైకిళ్లు దాటించే పడవకు ఆ మ్యాపులో చోటు లేదు. బార్జి కోసం కాలువ వెడల్పు చేయాలంటే గట్టు మీద ఇళ్లు లేపాలి. ఆ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లలో పాత పడవవాళ్ల కుటుంబాలూ ఉంటాయి.

గోదావరి ముక్కకు ఇంకో చిక్కు ఉంది. కాటన్ కాలంలోనే భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకు కట్టి, రాళ్ల అడ్డంకులు దాటించి నాగపూర్ ప్రాంతపు పత్తిని నది మీదే సముద్రానికి తేవాలని చూశారు. డబ్బు పోసి పోసి 1871లో వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది. ఈసారి అడ్డంకి రాళ్లు కాదు, పోలవరం. 2021లో ఎగువ కాఫర్‌డ్యాంతో (పనుల కోసం వేసే తాత్కాలిక అడ్డుకట్టతో) నదిని మళ్లించారు. ఆ తర్వాత రాజమండ్రి, పట్టిసీమ వైపు నుంచి పాపికొండలకు నేరుగా లాంచీలో వెళ్లే దారి పోయింది. దేవీపట్నం ప్రాంతపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. నది పక్కన పుట్టి, పడవ తప్ప వేరే బండి తెలియనివాళ్లు నదికి దూరంగా పునరావాస కాలనీల్లో పడ్డారు.

ప్రాజెక్టు నమూనాలో ఎడమ వైపు నావిగేషన్ లాకు, కాలువ, సొరంగం ఉన్నాయి. అవి పనిచేసేదాకా పై లాంచీ కిందికి రాదు, కింది లాంచీ పైకి పోదు. గండిపోశమ్మ గుడి దగ్గర తాళ్లు కట్టి ఆపిన బోట్లు ప్రస్తుతం ఆ పై నీళ్లలోనే తిరుగుతున్నాయి. కింద రాజమండ్రి ఘాట్లలో ఉన్నవి హారతి చూడ్డానికి వచ్చినవాళ్లను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దింపేస్తున్నాయి.